కత్తికి ఒర, ఒరకు రక్షణ

“ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు” అను సామెతను ఎరుగని తెలుగువాడు లేడు. కాని ఆ సామెతను పలుకునప్పుడు మన మనస్సు కత్తుల మీదికే పోవును గాని ఒర మీదికి పోదు. మన కావ్యములందును ఇదే తీరు. కత్తి మెరుపుతీగ యగును, కాలసర్పమగును, విజయలక్ష్మి చేతి కలువయు నగును. ఒరకు మాత్రము “ఒర దూసెను” అను ఒక్క క్రియలో చోటు దొరకును. అనగా, కత్తి తన్ను విడిచిపోవు క్షణమున మాత్రమే కవికి ఒర జ్ఞప్తికి వచ్చుచున్నదన్నమాట.

సంస్కృతమున ఒరకు కోశమని పేరు. ధనమును దాచు బొక్కసము కోశము. పదములను దాచు నిఘంటువు కోశము. విప్పారని మొగ్గయు కోశమే. తైత్తిరీయోపనిషత్తు అన్నమయము మొదలు ఆనందమయము వరకు చెప్పిన ఐదు పొరలను వేదాంతులు పంచకోశములనిరి. లోపలి వస్తువు విలువైనదైనప్పుడు దానిని పొదివి పట్టుకొన్న పై పొరకు ఎంత గౌరవమీయవలెనో ఈ ఒక్క పదమే మనకు బోధించుచున్నది. అయినను ఇంటిలోని తోలు ఒర చిట్లిపోవు వరకు దాని వంక చూచువారు అరుదు. ఆ ఒర దేనితో అయినది, ఏల చెడును, ఎట్లు కాపాడుకొనవలెను, దానిని కుట్టిన చేయి ఎవరిది అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒర కత్తితో పాటు పుట్టినదే. 1991లో ఆస్ట్రియా, ఇటలీ దేశముల సరిహద్దున, ఆల్ప్స్ పర్వతముల మంచులో ఒక ప్రాచీన మానవుని దేహము బయల్పడినది. అతడు నేటికి సుమారు 5,300 సంవత్సరముల క్రిందటివాడు. అతనికి ‘ఓట్జీ’ అని పేరు పెట్టిరి. అతని వద్ద చెకుముకిరాతి అలుగు, కొయ్య పిడి గల చిన్న బాకు ఒకటి ఉండెను. దానికి చెట్టునారతో అల్లిన ఒర కూడ ఉండెను. లోహమింకను అరుదైన ఆ కాలముననే మానవుడు తన నడుమున వ్రేలాడు పదును తన తొడనే కోయకుండ కాపుదల కల్పించుకొనెను. అవి నేడు ఇటలీలోని బోల్జానో నగర ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి.

తరువాతి కాలమున నారకు బదులుగా తోలు వచ్చెను. తోలు ఒరలలో రెండు జాతులు కలవు. మొదటిది, లోపల కొయ్య, వెలుపల తోలు గలది. నేపాళీయుల కుక్రీ ఒర ఇట్టిది. వంపు తిరిగిన ఆ కత్తికి సరిపడునట్లు రెండు కొయ్యచెక్కలను తొలిచి, జతపరచి, వానిపై తడిసిన పలుచని తోలును బిగించి కుట్టుదురు. ఆరునప్పుడు తోలు ముడుచుకొని కొయ్యను గట్టిగా పట్టుకొనును. తుదిని లోహపు తొడుగు, వెనుక రెండు చిన్నకత్తులకు అరలు, ఇది దాని నిర్మాణము. రెండవది, ఉత్త తోలుతోనే కుట్టిన ఒర. ఫిన్లాండు దేశీయులు ‘పూక్కో’ అను చిన్నకత్తికి తోలును తడిపి, కత్తి ఆకారమునకు ఒత్తి, అచ్చు దిగిన తరువాత ఆరబెట్టుదురు. ఇట్టి ఒరకు కత్తి పదునువైపున, రెండు తోలుపొరల నడుమ మరొక తోలుపట్టెను పెట్టి కుట్టుట మంచి పనివాని లక్షణము. ఆ పట్టె లేనిచో వాదర నేరుగా దారమునకు తగిలి, కుట్టు తెగి, ఒకనాడు కత్తి ఒరలోనికి పోవుటకు మారుగా అరచేతిలోనికి వచ్చును.

ఇక తోలు అననేమి? పచ్చిచర్మమును తడిగా విడిచిన కుళ్లిపోవును. ఎండబెట్టిన చెక్కవలె బిగిసి విరుగును. ఈ రెండు దుర్గతులనుండి తప్పించి దానిని చిరకాలము మన్నునట్లు చేయు విద్యయే తోలు పదునుచేయుట. చర్మము కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగుల అల్లిక. కొన్ని చెట్ల బెరడులలోను కాయలలోను ఉన్న వగరు పదార్థము ఆ పోగులను పట్టుకొని, వానిని సూక్ష్మజీవులకు లొంగని వానినిగా చేయును. ఈ వగరునే శాస్త్రజ్ఞులు టానిన్ అందురు. మన దేశమున దీనికి వాడినవి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ. బతుకమ్మలో పేర్చు ఆ పసుపుపచ్చని తంగేడు, నేడు తెలంగాణకు రాష్ట్రపుష్పమైన తంగేడు, పల్లె శివార్లలోని లందలలో తన బెరడునిచ్చి తరతరములుగా తోలును కాపాడినది. పువ్వు దేవతకు చేరినది, బెరడు తొట్టికి చేరినది. చెట్టు మాత్రము ఒక్కటే.

పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమునుండి క్రోమియం లవణములతో పదునుచేయు పద్ధతి వ్యాప్తికి వచ్చెను. అది త్వరగా ముగియును. ఆ తోలు మెత్తనిది, సాగునది, పాదరక్షల పైభాగములకు అనువైనది. కాని ఒరకు కావలసినది సాగుట కాదు, నిలుచుట. తడిపి ఒత్తిన ఆకారమును పట్టి ఉంచు గుణము చెక్కవగరుతో పదునెక్కిన తోలుకు మెండు. కనుకనే మంచి ఒరలు నేటికిని ఆ తోలుతోనే అగుచున్నవి.

అయితే ఈ వగరులోనే ఒక చిక్కు కలదు. వగరుకును ఇనుమునకును పడదు. రెండును తడిలో కలిసిన చోట నలుపు పుట్టును. ఈ సంగతి ఉపాధ్యాయులకు కొత్త కాదు. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి సిరా చేసిన కాలమొకటి మన బడులకు ఉండెను. అన్నభేది ఇనుపలవణము, కరక్కాయ వగరుగని. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీట ముంచును. పిదప తుప్పు ఇనుము, బెల్లము నానవేసి ఊరించిన కసిమితో గీత గీయును. గీసిన చోటెల్ల నల్లబడును. సిరాయందు, వస్త్రమందు మనకు మేలు చేసిన ఈ మైత్రియే ఒరలో కీడు చేయుచున్నది. తోలు గాలిలోని తేమను పీల్చి తనలో నిలుపుకొనును. ఆ తేమలో వగరు, పులుపు కరగి ఉక్కును అంటును. కొన్ని నెలలు ఒరలోనే నిద్రించిన కత్తిని దూసిన, అలుగుపై నల్లని మచ్చలు, వాని క్రింద తుప్పు గుంటలు కానవచ్చుట ఇందువలననే.

కావున మొదటి నియమమిది: ఒర కత్తిని మోయుటకు గాని దాచుటకు కాదు. నడచునప్పుడు కత్తి ఒరలో నుండవలెను. ఇల్లు చేరిన పిమ్మట దానిని తుడిచి, పలుచగా నూనె పట్టించి, ఒరకు వేరుగా, పిల్లలకందని తావున భద్రపరచవలెను. సామెత ఒక ఒరలో రెండు కత్తులు వలదన్నది. శాస్త్రము ఒక్క కత్తినైనను చిరకాలముంచవలదనుచున్నది.

తోలుకు శత్రువులు ఐదు. మొదటిది ఎండుదనము. తోలుపోగుల నడుమ కొంత కొవ్వు, కొంత తేమ ఉండును. వానివలననే పోగులు ఒకదానిపై ఒకటి జారుచు వంగును. ఎండలోనో, పొయ్యిచెంతనో ఆ తేమ ఆవిరియై పోగా పోగులు ఒరసికొని తెగును. వంగినచోట సన్నని పగుళ్లు దీనికి తొలి గుర్తు. రెండవది తడి. నానిన తోలు మెత్తబడి ఆకారము కోల్పోవును. దానిలోని వగరు, కొవ్వు కొంత నీటితో వెడలిపోవును. మూడవది వేడి. తడిసిన తోలు వేడినీటిలో ముడుచుకొనిపోవును. ఒకసారి ముడుతపడిన తోలును మరల చాచుట అసాధ్యము. నాలుగవది బూజు, మన వానకాలము దానికి పుట్టినిల్లు. ఐదవది మితిమీరిన ప్రేమ. అనగా, నూనెలో ముంచుట. ఈ ఐదవ శత్రువు చేత చచ్చిన ఒరలు తక్కినవాని చేత చచ్చినవానికి తీసిపోవు.

నూనె ఎంత ఎక్కువైన అంత మేలను భ్రమ లోకమున కలదు. కాని ఒరకు ప్రాణము దాని బిగువు. నూనె త్రాగి మెత్తబడిన ఒర కత్తిని పట్టజాలదు. కత్తి జారును, లేదా దాని మొన ఒర గోడను చీల్చుకొని వెలువడును. నూనె ముద్దపై దుమ్ము చేరును, ఆ దుమ్ము వాదరను మొద్దుబరచును. చెప్పునకు కావలసిన మెత్తదనము వేరు, ఒరకు కావలసిన గట్టిదనము వేరు.

ఇక రక్షణ విధానము. ముందుగా ఒరను తలక్రిందులు చేసి మెల్లగా తట్టి లోపలి ఇసుకను, నలుసులను రాల్చవలెను. పైని దుమ్మును మెత్తని కుంచెతో, కుట్లవెంట జాగ్రత్తగా, దులపవలెను. మరక పోనిచో గుడ్డను నీట తడిపి, గట్టిగా పిండి, దానితో తుడువవలెను. ఒరను నీట ముంచరాదు. బట్టలుతుకు సబ్బు, చాకలిసోడా తోలుకు పనికిరావు. తోలు స్వభావమున కొంచెము పులుపు గలది, అవి క్షారములు. తడిసిన ఒరను నీడలో, గాలి తగులు చోట, దానంతట దానినే ఆరనీయవలెను. పొయ్యి, మండుటెండ పనికిరావు. ఆరునంతసేపు ఆకారము చెడకుండుటకు కత్తి ప్రమాణమున చెక్కిన కొయ్యముక్కను లోపల ఉంచవచ్చును. కత్తిని మాత్రము ఉంచరాదు.

పూర్తిగా ఆరిన పిదపనే నూనె. మన పల్లెలలో కిర్రుచెప్పులకు ఆముదము పూయుట ఎల్లరెరిగినదే. అది అనుభవము నేర్పిన శాస్త్రము. ఆముదము చిక్కనిది, గాలికి గట్టిపడనిది. అవిసెనూనె అట్లు కాదు. అది గాలి తగిలి బిగుసుకొని తోలును పెళుసు చేయును. కొబ్బరినూనె చలికి పేరుకొని తెల్లగా తేలవచ్చును. వంటనూనెలు నిలువయుండి చిక్కబట్టును, వాసన పట్టును. కనుక గుడ్డపై నాలుగైదు చుక్కల ఆముదము వేసి, గుడ్డనంతటిని దానితో తేమపరచి, ఒరకు వెలుపలివైపున మాత్రము పలుచగా రాయవలెను. నూనె తోలు రంగును ముదురు చేయును. కనుక ముందుగా కనబడని మూలలో రాచి చూచుట వివేకము. లోపలివైపున నూనె వలదు.

ఒక దినము ఆగి, మిగిలిన జిడ్డును పొడిగుడ్డతో తీసివేసి, తేనెమైనమును పలుచగా పట్టించి మెరుగుపెట్టవలెను. నూనె పోగుల మధ్యకు పోవునది. మైనము పైన నిలిచి నీటిని ఆపునది. రెండింటి పనియు వేరు. మైనము అరువది రెండు, అరువది నాలుగు సెంటిగ్రేడు డిగ్రీల నడుమ కరగును. అంత వేడి తోలుకు ముప్పు గనుక, కరిగించిన మైనమును ఒరపై పోయక, చేతివేడితో మెత్తబరచి రాయుటయే మేలు. ఈ సంస్కారము ఏటికి ఒకటి రెండు మారులు చాలును. పంచాంగము చూచి చేయవలసినది కాదిది. చేతితో తడిమి చూచి చేయవలసినది. తోలు గరుకుగా, పాలిపోయి తోచిననాడు నూనె వేళయైనది. మెత్తగా, జిడ్డుగా తోచిన దానిని విడిచిపెట్టుటయే సేవ.

బూజు పట్టినప్పుడు ఒరను ఇంటి వెలుపలకు కొనిపోయి కుంచెతో దులిపి, గాలికి ఆరవేయవలెను. మూతబిగిసిన ప్లాస్టిక్ సంచిలో తోలును పెట్టుట బూజుకు ఆహ్వానపత్రిక వ్రాయుటయే; నూలుగుడ్డ సంచి మేలు. ఇత్తడి గుబ్బలు గల ఒరలపై, ఇత్తడి తోలును తాకుచోట, ఆకుపచ్చని మైనము వంటి పదార్థము ఊరుచుండును. అది చిలుము. తోలులోని కొవ్వు, ఇత్తడిలోని రాగి కలిసి పుట్టినది. దానిని వెదురుపుల్లతో మెల్లగా గీకి తీయవలెనే గాని చింతపండుతో తోమరాదు. ఇత్తడి మెరయును గాని ప్రక్కనున్న తోలు మాడును.

ఇంతవరకు చెప్పినది వాడుకలోనున్న ఒరలను గూర్చి. తాతతండ్రుల నాటి పాత ఒరల సంగతి వేరు. వానిని పట్టుకొన్నప్పుడు చేతికి ఎర్రని పొడి అంటినచో, ఆ తోలు నూనెకొరకు ఆకలిగొన్నది కాదు. దాని పోగులే విరిగి పొడియైనవి. దీనిని ఎర్రకుళ్లు అనవచ్చును. గాలిలోని గంధకపు పొగను పీల్చిన తోలులో గంధకికామ్లము పుట్టి దానిని లోనుండి తినివేయును. 1843లోనే మైకేల్ ఫారడే మహాశయుడు లండనులోని ఒక క్లబ్బులో తోలు కుర్చీలు చెడుటకు అచటి గ్యాసుదీపముల పొగను కారణముగా చూపెను. పుస్తకముల తోలు అట్టలు పొడియగుట చూచి, 1900లో అచటి రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పరిశీలక సంఘమును నియమించెను. పిదప చాలకాలము పాత తోలుకు ఉన్నికొవ్వు, మైనము, దేవదారు తైలము కలిపిన లేపములు పూయుట ప్రదర్శనశాలలలో వాడుకగా నుండెను. నేటి నిపుణులు ఆ ఉత్సాహమును తగ్గించుకొనిరి. లేపము రంగును మార్చును, దుమ్మును పట్టును, విరిగిన పోగును అతుకజాలదు. ఇప్పుడు వారి ప్రధానౌషధము మంచి నివాసము: మితమైన తేమ, మితమైన వెలుతురు, నిలకడయైన చల్లదనము, తక్కువ స్పర్శ. హైదరాబాదులోని సాలార్‌జంగ్ ప్రదర్శనశాలవంటి చోట్ల ఆయుధముల గదికి విద్యార్థులను కొనిపోవు ఉపాధ్యాయులు, కత్తుల జిగిని చూపిన పిదప, ప్రక్కనున్న ఒరలను కూడ ఒక నిమిషము చూపుదురుగాక. రాజు చేయి పట్టినది కత్తిని. కాలము చేయి ముందుగా పట్టునది ఒరను.

చివరి ప్రశ్న మిగిలినది. ఈ ఒరను కుట్టిన చేయి ఎవరిది? ఖడ్గమును వర్ణించిన సాహిత్యము ఆ చేతిని వర్ణింపలేదు. సేద్యమునకు మోటబొక్కెన, కమ్మరికి కొలిమితిత్తి, కాపుకు చెప్పులు, జాతరకు డప్పు, వీరునకు ఒర కుట్టియిచ్చిన చర్మకారుని ఊరు తన వెలుపల ఉంచెను. అతని లంద వాసన గలదని ముక్కు మూసుకొన్నవారే ఆ లందలో పదునైన తోలును కాలికి తొడిగికొనిరి. 1941లో వెలువడిన ‘గబ్బిలము’లో గుర్రం జాషువ మహాకవి ఒక అరుంధతీసుతుని కావ్యనాయకునిగా నిలుపువరకు మన పద్యము ఆ గడప తొక్కలేదన్న అతిశయోక్తి కాదు.

విజ్ఞానశాస్త్రము కొంత ప్రాయశ్చిత్తము చేసినది. మద్రాసు అడయారున 1948లో కేంద్ర చర్మ పరిశోధనాలయము ఏర్పడెను. తెనాలి ప్రాంతమున యలవర్రు గ్రామములో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ, 1958 నుండి 1971 వరకు దానికి నిర్దేశకులుగా నుండి, వ్యవసాయకుటుంబమున పుట్టియు చర్మశాస్త్రమును తన జీవితవ్రతముగా చేసికొనిరి. పిమ్మట దేశమందలి శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి అధిపతియైరి. 1985 జూన్ 23న ‘కనిష్క’ విమానము అట్లాంటిక్ సముద్రముపై పేలిపోయినప్పుడు ఆ ప్రయాణికులలో ఆయన ఉండుట తెలుగువారి దురదృష్టము. తోలుపనిని నీచమని తలచు సమాజమున పుట్టి, దానిని విద్యగా లోకమునకు చూపుట ఆయన జీవితము మనకు విడిచిన పాఠము.

ఇచట ఒక మాట స్పష్టము చేయవలెను. చర్మకారుని విద్యను గౌరవించుట యనగా అతని బిడ్డలు ఆ లంద చెంతనే నిలిచిపోవలెనని కోరుట కాదు. వారు వైద్యులు, న్యాయవాదులు, ఆచార్యులు కావలసినవారే, అగుచున్నవారే. గౌరవించుట యనగా వారి పెద్దలకు తెలిసినది విద్య అని ఒప్పుకొనుట. ఆ విద్యతో పాటు కొన్ని మాటలు కూడ పోవుచున్నవి. తోలు కోయు కత్తికి రంపె యని పేరు. తోలుకు తూటు పొడుచు సాధనమునకు ఆరె యని పేరు. నా తరగతిలోని విద్యార్థులలో ఈ రెండు మాటలెరిగినవారు ఏటేట తగ్గుచున్నారు. కరవాలమునకు పది పర్యాయపదములు వల్లించువాడు, దాని ఒర కుట్టిన ఆరె పేరెరుగడు. ఇది భాషాజ్ఞానమునకు ఒక లోటు.

ఉపాధ్యాయ మిత్రులకు రెండు చిన్న పనులు విన్నవించి విరమింతును. కరక్కాయపొడిని నీట మరిగించి వడగట్టి, అందులో తుప్పుపట్టిన మేకునొకదానిని రాత్రియంతయు ఉంచి, మరునాడు ఆ నల్లనినీటితో విద్యార్థుల చేత వారి పేర్లు వ్రాయింపుడు. సిరా ఎట్లు పుట్టెనో, కత్తి ఏల నల్లబడునో ఒక్కసారిగా వారికి తెలియును. తరువాత, మీ వీధి మలుపున కూర్చుండి చెప్పులు బాగుచేయు పెద్దవానికడకు వారిని పంపి, ఆయన ఎదుటనున్న ప్రతి పనిముట్టు పేరును ఆయన నోటనే విని వ్రాసికొని రమ్మనుడు. “అయ్యా” యని పిలిచి అడుగవలెనని కూడ చెప్పి పంపుడు.